రెఫరీ తిట్టారు సరే, ఎడిటర్ ఏమన్నారు?

ప్రశ్న: మేడమ్, విశాఖపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనమిక్స్ చెబుతున్నాను. పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేస్తున్నాను. సముద్రంలో వేట నిషేధం ఉండే 61 రోజుల్లో చేపలమ్ముకునే ఆడవాళ్ల ఆదాయం ఎంత పడిపోతోందో తెలుసుకుందామని ఫిషింగ్ హార్బర్, జాలరిపేట, భీమిలిలో మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి సర్వే చేసి పేపరు రాశాను. విదేశీ జర్నల్‌కు పంపితే తొమ్మిది నెలలకు ఇద్దరు రెఫరీల (పేపరు చదివి ఎడిటర్‌కు అభిప్రాయం చెప్పే నిపుణుల) రిపోర్టులు వచ్చాయి. మొదటివారు మూడు లైన్లలో బాగుందన్నారు. రెండోవారు నాలుగు పేజీలు ఉతికి ఆరేశారు. ‘ఇది నిషేధం ప్రభావమో ఎండాకాలం ప్రభావమో రచయితకే తెలియదు’ అని రాశారు. మా కాలేజీ పేరు చూసి చులకన చేశారేమో అనిపిస్తోంది. ఎడిటర్ మాత్రం ‘ఈ రూపంలో ప్రచురించలేం. రెండో రెఫరీ లేవనెత్తిన అంశాలకు సరైన జవాబు ఉంటే ఆరు నెలల్లోగా మేజర్ రివిజన్ పంపవచ్చు. హామీ ఇవ్వలేం’ అన్నారు. గైడ్ గారు వదిలేయమంటున్నారు. ఈలోగా వాట్సాప్‌లో ఒకరు 22 వేలు కడితే పదిహేను రోజుల్లో స్కోపస్ (పరిశోధన పత్రికల పెద్ద డేటాబేస్) జర్నల్‌లో వేయిస్తామంటున్నారు. కాలేజీలో ప్రమోషన్‌కు పబ్లికేషన్లు అడుగుతున్నారు. ఎక్కడ వేసినా తన పేరు ముందుండాలని గైడ్ గారు, హెచ్‌ఓడీ గారి పేరు కూడా చేర్చాలని డిపార్ట్‌మెంట్‌లో వాళ్లు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
పేరు రాయొద్దు, ఎంవీపీ కాలనీ

సమాధానం:

అమ్మా, ముందు ఆ 22 వేలు ఎవరికీ పంపకండి. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

మీ పేపరును ఎవరూ తిరస్కరించలేదు. మీరూ మీ గైడ్ గారూ రెఫరీ రిపోర్టు చదివి బెంబేలెత్తి, ఎడిటర్ ఉత్తరాన్ని పైపైన చూసి వదిలేశారు. రెఫరీలు ఇచ్చేది సలహా, నిర్ణయం ఎడిటర్‌ది. వద్దనుకున్న ఎడిటర్ ‘మా జర్నల్‌కు సరిపడదు, మరోచోట ప్రయత్నించండి’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. గడువు పెట్టరు, వేటికి జవాబు కావాలో చెప్పరు. మీ ఎడిటర్ ఆరు నెలల గడువిచ్చి, ఫలానా రెఫరీ అడిగినవాటికి జవాబు కావాలని వేలు పెట్టి మరీ చూపించారు. ‘ఈ రూపంలో ప్రచురించలేం’, ‘హామీ ఇవ్వలేం’ అన్నవి ప్రతి రివిజన్ ఉత్తరంలోనూ ఉండే మాటలే. మనవాళ్లు ఆర్ అండ్ ఆర్ (రివైజ్ అండ్ రీసబ్మిట్, అంటే దిద్ది మళ్లీ పంపమనడం) అని గొప్పగా చెప్పుకునేది దీన్నే. మీ ఉత్తరంలో మీరు ఏడ్చినంత పని చేసిన చోట మరొకరైతే స్వీట్లు పంచేవారు.

ఎందుకంటే ఎకనమిక్స్‌లో చాలా పేపర్లు రెఫరీ దాకా కూడా పోవు. ఎడిటర్ దగ్గరే డెస్క్ రిజెక్ట్ అయిపోతాయి. ఈ రంగంలో అందరూ కొలబద్దగా చూసే ఐదు పెద్ద జర్నళ్ల లెక్కను ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, స్టెఫానో డెల్లావిన్యా 2013లో తీశారు. 1990 నుంచి 2012 మధ్య వాటికి వచ్చే పేపర్లు దాదాపు రెట్టింపయ్యాయి. అచ్చయ్యేవి మాత్రం 1970ల చివర ఏడాదికి 400 ఉండగా 300కు తగ్గాయి. ఆమోదం నూటికి 15 నుంచి 6కు పడిపోయింది. మీ జర్నల్ ఆ ఐదింటిలోది కాదు, అయినా గాలి అంతటా అటే వీస్తోంది. తొమ్మిది నెలలు పట్టిందనీ బాధపడకండి. ఒకప్పుడు పేపరు పంపిన ఆరు నుంచి తొమ్మిది నెలల్లో ఆమోదమే వచ్చేసేదని, ఇప్పుడు రివిజన్ల మీద రివిజన్లతో పెద్ద జర్నళ్లలో సగటున రెండేళ్లు పడుతోందని గ్లెన్ ఎలిసన్ 2002లోనే రాశారు. ఆ తర్వాత పరిస్థితి ఏమంత మెరుగుపడలేదు.

కాలేజీ పేరు సంగతి. రెఫరీకి మీ పేరు, కాలేజీ తెలిసే ఉండవచ్చు. ఎకనమిక్స్‌లో పేర్లు దాచే పద్ధతి చాలా చోట్ల లేదు. అమెరికన్ ఎకనమిక్ రివ్యూ కూడా 2011లో దాన్ని మానేసింది. పేపరు శీర్షిక కొట్టి ఇంటర్నెట్‌లో వెతికితే ఎవరు రాశారో తెలిసిపోతున్నప్పుడు దాచి లాభమేమిటన్నది వాళ్ల వాదన. పక్షపాతం అసలు ఉండదని నేను చెప్పను. కానీ అదే పత్రికలో రెబెకా బ్లాంక్ ఒక ప్రయోగం చేసి 1991లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని పేపర్లకు పేర్లు దాచి, కొన్నింటికి దాచకుండా రెఫరీలకు పంపారు. పేర్లు దాచినప్పుడు రెఫరీలు మరింత కఠినంగా ఉన్నారు. అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాలవాళ్లకూ, చిన్న కాలేజీలవాళ్లకూ పెద్దగా తేడా రాలేదు. దెబ్బతిన్నది ఆ పై మెట్టుకు కాస్త దిగువన ఉన్నవాళ్లు. కాబట్టి మీ పేరు దాచి ఉంటే రిపోర్టు మెత్తగా వచ్చేదని అనుకోవడానికి ఆధారం లేదు.

ఇలాంటప్పుడు ఓదార్పుగా అందరూ జార్జ్ అకర్లోఫ్ కథ చెబుతారు. పాత కార్ల మార్కెట్ మీద ఆయన రాసిన పేపరును మూడు పెద్ద జర్నళ్లు తిప్పికొట్టాయి, 1970లో నాలుగోది వేసుకుంది, 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. కథ నిజమే, మీకు మాత్రం పనికిరాదు. అక్కడ రెఫరీలు పొరబడ్డారు. ఇక్కడ మీ రెండో రెఫరీ చెప్పింది ఒప్పు.

కోపం తెచ్చుకోకుండా వినండి. మీరు మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి వెళ్లి ఆదాయం అడిగారు, తేడా మొత్తం నిషేధం ఖాతాలో రాశారు. మే నెల ఎండలో గంప నెత్తిన పెట్టుకుని జాలరిపేట నుంచి సీతమ్మధార దాకా ఎన్ని వీధులు తిరగగలరు? నిషేధం లేకపోయినా ఆ నెల అమ్మకం కొంత పడిపోయేదే. ఇక ఆగస్టు. శ్రావణమాసం అందులోకి వస్తుంది, చాలా ఇళ్లలో నీచు ముట్టరు. అంటే మీరు మామూలు నెల అనుకుని పక్కన పెట్టి పోల్చిన నెలే మామూలుది కాదు. మే ఎండ మీ అంచనాను పెంచుతుంది, శ్రావణం తగ్గిస్తుంది. చివరికి వచ్చిన అంకె అసలు నష్టం కన్నా ఎక్కువో తక్కువో కూడా చెప్పలేం. నాలుగు పేజీలు రాసిన రెఫరీకి శ్రావణమాసం సంగతి తట్టలేదు. ఆయనకు తట్టేలోపు మీరే రాసేయండి. తన లోపాన్ని తానే ముందు చెప్పిన రచయిత మాటను రెఫరీలు కాస్త ఎక్కువ నమ్ముతారు. చాలా పేపర్లకు రెఫరీగా ఉన్నదాన్నిగా చెబుతున్నాను.

మరి దేనితో పోల్చాలి? మొదట అందరికీ తట్టేది తెప్పలవాళ్లు. నిషేధం మరబోట్లకు, మోటారు పడవలకే. మోటారు లేని తెప్పల మీద వేటకు వెళ్లేవాళ్లకు వర్తించదు. కాబట్టి బోట్ల చేప కొని అమ్మేవాళ్లను ఒక పక్క, తెప్పల చేప అమ్మేవాళ్లను మరో పక్క పెట్టి డిఫరెన్స్ ఇన్ డిఫరెన్స్ (రెండు గుంపుల్లో వచ్చిన మార్పుల మధ్య తేడా తీసే లెక్క) చేసేద్దామనిపిస్తుంది. అలా చేస్తే రెండో రెఫరీ మళ్లీ పట్టుకుంటారు. ఆ రెండు నెలలూ హార్బర్‌లో బోట్లు కట్టేసి ఉంటే వంజరం, చందువ రేట్లు ఎక్కడికి పోతాయో మీకు తెలుసు. తెప్పలవాళ్ల ఆడవాళ్లకు అదే సీజన్. నిషేధం వాళ్లను తాకకుండా పోలేదు, రేటు రూపంలో మేలు చేసింది. వాళ్లను కంట్రోల్ గ్రూప్ (నిషేధం తాకని, పోలిక కోసం పెట్టుకునే గుంపు) అని పిలిస్తే నష్టాన్ని ఉన్నదానికన్నా పెద్దగా చూపించినట్టవుతుంది. వాళ్ల లెక్క పేపరులో ఉండాలి, కానీ కంట్రోల్‌గా కాదు. నిషేధంలో ఎవరు నష్టపోయారు, ఎవరు లాభపడ్డారు అనే రెండో ప్రశ్నగా ఉండాలి. నన్నడిగితే మీ మొదటి ప్రశ్న కన్నా అదే ఆసక్తికరం.

నాకు నచ్చే దారి వేరు. ఏప్రిల్ 14 రాత్రికీ 15 తెల్లవారికీ మధ్య ఎండ మారదు, పండుగ మారదు, కొనేవాళ్ల జేబు మారదు. బోట్లు మాత్రం ఆగిపోతాయి. కాబట్టి ఏప్రిల్ 15కు మూడు వారాల ముందు నుంచి మూడు వారాల తర్వాత దాకా, వారం వారం, అవే ఆడవాళ్లను అడగండి. రోజుకు ఎంతకు కొన్నారు, ఎంతకు అమ్మారు, ఎన్ని గంటలు తిరిగారు. జూన్ 14 దగ్గరా ఇదే చేయండి. అయితే ఇక్కడ రుతుపవనాలు మన కోస్తాకు వచ్చేదీ దాదాపు ఆ రోజుల్లోనే కాబట్టి జూన్ ఫలితం మీదే పూర్తి బరువు పెట్టకండి. ఏప్రిల్ వైపు ఫలితం గట్టిగా ఉంటే జూన్ దానికి తోడవుతుంది. అందరినీ ఒకే గాటన కట్టకుండా, మామూలు రోజుల్లో ఎవరి సరుకులో ఎంత భాగం హార్బర్ వేలం నుంచి వస్తుందో ముందే రాసుకోండి. తెల్లవారుజామున వేలంలో మొత్తం కొనేవాళ్లూ ఉంటారు, సగం ఎండుచేపల మీద బతికేవాళ్లూ ఉంటారు, నిషేధం రాగానే గోదావరి జిల్లాల చెరువు చేపకు మారిపోయేవాళ్లూ ఉంటారు. హార్బర్ మీద ఎంత ఎక్కువ ఆధారపడితే అంత ఎక్కువ దెబ్బ తగలాలి. అలా తగిలితే మీ వాదన నిలబడుతుంది. తగలకపోతే అదీ రాయండి. పట్టికలో స్టార్లు (ఫలితం గట్టిదని చూపే గుర్తులు) పోతాయని దాచకండి.

పాత డేటా దొరికితే మరో అవకాశం ఉంది. తూర్పు తీరంలో నిషేధం 2015కు ముందు మే 31తో ముగిసేది, అంటే 47 రోజులు. 2015 నుంచి జూన్ 14 దాకా పెంచారు. 2020లో లాక్‌డౌన్ వల్ల ఆ ఒక్క ఏడాది మళ్లీ 47కు తగ్గించారు. జూన్ మొదటి రెండు వారాలు కొన్నేళ్లు తెరిచి, కొన్నేళ్లు మూసి ఉన్నాయన్నమాట. పదేళ్ల కిందటి ఆదాయం ఇప్పుడు అడిగితే ఎవరూ నిజం చెప్పలేరు, కావాలని కాదు, గుర్తుండదు. కానీ ఎంత చేప దిగింది, ఏ రేటుకు పోయింది అనే వివరాలు నగరంలోనే ఉన్న సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రంలో అడిగి చూడవచ్చు. దొరక్కపోతే ఆగిపోకండి, ఇది అదనం మాత్రమే.

నిషేధ కాలపు భృతి సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, పేపరులో కూడా లేకపోతే పెద్ద లోపమే. 2019లో అది 4 వేల నుంచి 10 వేలకు, 2025లో 20 వేలకు పెరిగింది. బోటు మీద పనిచేసే భర్త ఉన్న ఇంట్లో ఆ డబ్బు వస్తుంది, మగదిక్కు లేక తానే గంప ఎత్తుకున్నామెకు రాదు. ఇద్దరి నష్టమూ ఒకటే అని సగటు తీస్తే ఎలా? ఇంకొకటి, మూడు ఊళ్లను మూడు క్లస్టర్లుగా (గుంపులుగా) తీసుకుని స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకెలు) వేసి ఉంటారని నా అనుమానం. మూడు క్లస్టర్లతో ఆ లెక్క నిలవదు. కొనే చోటును బట్టి, పేటను బట్టి చిన్న గుంపులు చేయండి, గైడ్ గారితో కూర్చుని పర్మ్యుటేషన్ పరీక్ష (గుంపులను పదేపదే కలగాపులగం చేసి, ఫలితం యాదృచ్ఛికమా కాదా అని చూడటం) కూడా చేసి చూపించండి.

ఇంత పనికి ఆరు నెలలు చాలకపోవచ్చు. ఎడిటర్‌కు ఈ వారమే చిన్న ఉత్తరం రాయండి. నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14న ముగుస్తుంది, రెండు చివర్లలోనూ కొత్త సర్వే చేసి పంపుతాను, ఇంకో మూడు నెలలు కావాలి అని. కారణం చెప్పి అడిగితే సాధారణంగా కాదనరు. చెప్పకుండా గడువు దాటిస్తే దాన్ని కొత్త పేపరుగా చూస్తారు, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

రివిజన్‌తో పాటు వెళ్లే జవాబు పత్రం మీద పేపరు మీద పెట్టినంత శ్రద్ధ పెట్టండి. రెఫరీ రాసిన ప్రతి మాటనూ యథాతథంగా పెట్టి, కింద మీ జవాబు, మార్పు ఏ పేజీలో చేశారో రాయాలి. చెప్పినవన్నీ చేయాల్సిన పని లేదు. పశ్చిమ తీరంతో పోల్చమని రెఫరీ అడిగారనుకుందాం. ‘మీ అమూల్యమైన సూచనకు ధన్యవాదాలు, కానీ అది మా పరిశోధన పరిధిలోకి రాదు’ అని రాస్తే తప్పించుకున్నట్టుంటుంది. ‘పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు, అప్పుడు అక్కడ రుతుపవనాలు ఉధృతంగా ఉంటాయి. కేరళలో రోజులు కూడా వేరు, 52. మార్కెట్లూ వేరు. అందువల్ల ఆ పోలిక బదులు ఒకే నగరంలో హార్బర్ మీద ఎక్కువ ఆధారపడేవారినీ తక్కువ ఆధారపడేవారినీ పోల్చాం, 14వ పేజీ, 3వ పట్టిక’ అని రాస్తే కాదన్నా కూడా పని జరిగింది. కాళ్లావేళ్లా పడకండి, కయ్యానికీ దిగకండి. మూడు లైన్ల పొగడ్త రాసిన మొదటి రెఫరీకి కూడా జవాబు రాయాలి, అది అరపేజీలో అయిపోతుంది. నిజానికి ఆయన మీకు చేసిన సాయం ఏమీ లేదు. జీతం భత్యం లేకుండా కూర్చుని నాలుగు పేజీలు రాసినవారే మీ పేపరును చివరిదాకా చదివారు.

చదవాల్సిన పేపర్ల కోసం: కేంద్రం 2025లో మొదలుపెట్టిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (జర్నళ్లకు కేంద్రమే చందా కట్టే పథకం) ప్రభుత్వ సంస్థలకే కాబట్టి మీ కాలేజీకి రాదు. మీరు రిజిస్టరైన విశ్వవిద్యాలయం ప్రభుత్వానిదైతే అక్కడి లాగిన్ తీసుకోండి. ఎకనమిక్స్‌లో చాలామంది వర్కింగ్ పేపర్ (అచ్చుకు ముందటి ప్రతి) రూపంలో ఉచితంగా కూడా పెడతారు. రివిజన్ పంపేముందు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వ్యవసాయ ఆర్థిక పరిశోధన కేంద్రంలో గానీ, ఎకనమిక్స్ విభాగంలో గానీ ఒక సెమినార్‌కు అవకాశం అడగండి. అక్కడ అడిగే ప్రశ్నలకు నీళ్లు నమిలినా ఫర్వాలేదు, రెఫరీ ముందు నమలకూడదు.

ఇప్పుడు ఆ వాట్సాప్ పెద్దమనిషి. పదిహేను రోజుల్లో ఇద్దరు రెఫరీలు చదివి, మీరు దిద్ది, వాళ్లు మళ్లీ చదవడం జరిగే పని కాదు. జరగదు కాబట్టే డబ్బు ముందు అడుగుతున్నారు. 2013లో సైన్స్ పత్రిక కోసం పాత్రికేయుడు జాన్ బోహానన్ కావాలని తప్పులు పెట్టిన నకిలీ పేపరును 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు ఒప్పుకున్నాయి. 2019లో హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒక ప్రచురణ సంస్థకు వ్యతిరేకంగా అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా తీర్పు ఇచ్చింది, చేయని పీర్ రివ్యూ (రెఫరీల పరిశీలన) చేశామని చెప్పినందుకు, ఫీజుల సంగతి ముందు చెప్పనందుకు. స్కోపస్ పేరు చెప్పగానే నమ్మకండి. స్కోపస్ నుంచి తీసేసిన జర్నళ్లు ఉన్నాయి, మంచి జర్నల్ పేరూ ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరూ దొంగిలించి పెట్టిన నకిలీ వెబ్‌సైట్లూ ఉన్నాయి. వాళ్లు పంపిన లింకులో కాకుండా స్కోపస్ సొంత జాబితాలో నంబరు కొట్టి, అక్కడి నుంచి జర్నల్ సైట్‌కు వెళ్లి చూడాలి.

ఒక తిరకాసు ఉంది. డబ్బు అడిగిన ప్రతి జర్నలూ దొంగది కాదు. ఎకనమిక్స్‌లో పేరున్న జర్నళ్లే కొన్ని పేపరు పంపేటప్పుడే సబ్మిషన్ ఫీజు తీసుకుంటాయి, తిరస్కరించినా తిరిగివ్వవు. తేడా ఏమిటంటే అది చదివినందుకు కట్టేది, వేస్తామని కాదు. సైట్‌లో బహిరంగంగా రాసి ఉంటుంది, వ్యక్తి ఖాతాకు ఫోన్‌పే చేయమనరు.

ప్రమోషన్ ఒత్తిడి నాకు అర్థమవుతుంది. కానీ థీసిస్ కోసమే కంగారైతే నియమాలు ఒకసారి చూసుకోండి. థీసిస్ ఇచ్చేముందు పబ్లికేషన్ తప్పనిసరి అన్న 2016 నాటి యూజీసీ నిబంధన 2022 నిబంధనల్లో లేదు. మీ విశ్వవిద్యాలయం తన సొంత నియమంగా ఉంచుకుందేమో రీసెర్చ్ సెక్షన్‌లో కాగితం మీద అడగండి. యూజీసీ కేర్ (యూజీసీ గుర్తించిన జర్నళ్ల) జాబితాను కూడా 2025లో ఎత్తేశారు, మంచిచెడ్డలు తేల్చే పని ఇప్పుడు సంస్థలదే. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకోటి. ఒకసారి ఆ చెత్త జర్నల్‌లో పడితే అదే పేపరును మరెక్కడా వేయలేరు. అన్ని ఇళ్లు తిరిగి, ఆ తల్లుల పని పాడుచేసి అడిగిన లెక్క అక్కడితో పోయినట్టే. ఎంత చేసినా ఈ జర్నల్ కాదంటే మెరైన్ రిసోర్స్ ఎకనమిక్స్, ఇండియన్ జర్నల్ ఆఫ్ అగ్రికల్చరల్ ఎకనమిక్స్, ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి, ఒకేసారి రెండింటికి కాదు.

ఇక పేర్లు. ఎకనమిక్స్‌లో మామూలుగా రచయితల పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో వేస్తారు, ముందు వెనకలకు అర్థం ఉండదు. ఆ మాట చెబితే మీ గైడ్ గారి అభిమానం దెబ్బతినదు. పనిలో పనిగా, మీ పేరు అన్ని చోట్లా ఒకేలా ఉండేట్టు ఇప్పుడే నిర్ణయించుకోండి. ఒక చోట ఇంటిపేరు పొడి అక్షరంగా, మరో చోట పూర్తిగా, ఇంకో చోట చివర ఉంటే డేటాబేస్‌లు మిమ్మల్ని ముగ్గురు మనుషులు చేస్తాయి. హెచ్‌ఓడీ గారు పేపరులో ఏమీ చేయకపోతే ఆయన స్థానం మొదటి పేజీ అడుగున కృతజ్ఞతల్లో. ఇది మీరు ఎదురుగా నిలబడి చెప్పలేరని తెలుసు, ఇక్కడ ఉద్యోగం చేసుకోవాల్సింది మీరు. అందుకని జర్నల్ సైట్‌లో రచయితలకు సూచనలు అన్న పేజీ తెరవండి. రివిజన్ దశలో కొత్త రచయితను చేర్చాలంటే కారణం రాసి, అందరి సంతకాలతో ఎడిటర్ అనుమతి తీసుకోవాలని చాలా జర్నళ్లు అడుగుతాయి. మీ జర్నల్‌లోనూ ఆ నియమం ఉంటే దాన్ని ప్రింట్ తీసి, ‘సార్, ఇందులో కారణం అనే గడిలో ఏం రాయమంటారు?’ అని గైడ్ గారినే అడగండి.